మొక్కజొన్న చేల మధ్య సైకిలు యాత్రకు సిద్ధపాటు

"సైకిలు తొక్కడానికి ఎవరైనా డబ్బు కట్టి మరీ వెళతారా మాస్టారూ?" అని మేము అమెరికా నుండి తిరిగి వచ్చాక మన సంఘస్థులు చాలామంది అడిగారు. వెళతారు. అయోవా అనే రాష్ట్రంలో ఏటా జూలై మాసం రెండవ సగంలో వేలాదిమంది అలాగే వెళతారు. పడమటి సరిహద్దు నుండి తూర్పు సరిహద్దు వరకు పల్లెటూరి రోడ్ల మీద ఏడు రోజులు తొక్కుతారు. పందెం కాదు, బహుమతులు లేవు. పగలు తొక్కడం, సాయంత్రం ఒక ఊళ్ళో గుడారం వేసుకుని పడుకోవడం, తెల్లారి మళ్ళీ ఎక్కడం. దీనిని అక్కడ 'రాగ్‌బ్రై' అంటారు. 2023లో జరిగినది 50వ యాత్ర. ఆ యేడు మా అబ్బాయితో కలిసి నేనూ వెళ్ళాను. అయితే యాత్రను గూర్చి చెప్పేవారు చాలామంది ఉన్నారు. దానికి ముందు మేము సిద్ధపడిన నాలుగు నెలలను గూర్చి వ్రాయమని మన సంపాదకులు కోరారు గనుక ఆ సంగతులే వ్రాస్తున్నాను.

ముందు ఈ యాత్ర పుట్టుక చెప్పాలి. 1973లో దెమోయిన్ పట్టణంలోని 'రిజిస్టర్' పత్రికలో వ్రాసే జాన్ కారస్, డోనాల్డ్ కౌల్ అనే ఇద్దరు రాష్ట్రాన్ని ఈ కొస నుండి ఆ కొసకు సైకిళ్ళ మీద దాటాలనుకున్నారు. వచ్చేవారు రావచ్చునని పత్రికలో వేశారు. ఎవరొస్తారులే అనుకుంటే సుమారు 300 మంది వచ్చి నిలబడ్డారు. వారిలో క్లారెన్స్ పికార్డ్ అనే పెద్దాయనకు 83 ఏళ్ళు. ఆడవారు తొక్కే పాత సైకిలు ఒకటి తెచ్చుకుని, అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా, లోపల ఉన్ని దుస్తులు వేసుకుని ఆ చివరిదాకా తొక్కాడట. ఆ మాట చదివిన రోజే నాకు ధైర్యం వచ్చింది. నాకు అప్పటికి 63 మాత్రమే.

నేను 31 సంవత్సరాలు కాలవ గట్టు మీద రోజూ సైకిలు మీద బడికి వెళ్ళి వచ్చినవాణ్ణి. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. మా అబ్బాయి చిన్నప్పుడు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. వాడిప్పుడు ఏమ్స్ అనే పట్టణానికి దగ్గరలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ యేడు మార్చిలో నేనూ నా భార్యా వాడి దగ్గరకు వెళ్ళాం. చేరిన మూడో రోజున ఆవిడ పెరుగు కోసం ఫ్రిజ్ తీసి, మాట్లాడకుండా నన్ను పిలిచింది. తలుపు అరలో ఇన్సులిన్ మందు, సూదులు. రెండేళ్ళుగా వాడుతున్నాడట. ఫోనులో ప్రతి ఆదివారం మాట్లాడుకున్నాం, ఒక్కసారీ చెప్పలేదు. "మీరు అక్కడ బెంగ పెట్టుకుంటారని చెప్పలేదు మామయ్యగారూ" అని కోడలు ఏడ్చింది. వాడు మాత్రం తల దించుకుని భోజనం చేసి లేచాడు.

దాని తరువాత వారం రోజులు ఇంట్లో మాటలు తక్కువ. అడిగితే "బాగానే ఉంది నాన్నా" అనేవాడు. పెద్దపిల్లలతో మాట్లాడటం బడిపిల్లలతో మాట్లాడినంత సులువు కాదు.

వాళ్ళు వెళ్ళే సంఘంలో ఏటా ఒక జట్టు ఈ యాత్రకు వెళుతుంది. ఆ యేడు 14 మంది పేర్లిచ్చారు. అందరిలో చిన్నది 17 ఏళ్ళ అమ్మాయి, పెద్దాయన 71 ఏళ్ళ రైతు. మా అబ్బాయి కూడా పేరు ఇచ్చాడని వాళ్ళ పాస్టరుగారు చెబితేనే తెలిసింది. వాడి డాక్టరుగారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. పక్కన ఈ జబ్బు సంగతి తెలిసిన మనిషి ఎప్పుడూ ఉండాలి. ఎందుకంటే సామాను మోసే బండ్లకు, తోడు వచ్చే కార్లకు వేరే దారి ఉంటుంది. సైకిళ్ళు వెళ్ళే రోడ్డు మీదకు వాటిని రానివ్వరు. ఏదైనా అయితే ఇంటివాళ్ళు కారులో పరుగెత్తుకు రావడం కుదరదు. పక్కన తొక్కేవాడే దిక్కు. ఆ పక్కన ఉండే మనిషిని నేనే అవుతానన్నాను. నా భార్య ఒక పూట అన్నం తినలేదు. "తండ్రీ కొడుకులిద్దరూ కలిసి నన్ను చంపుతారా ఏమండీ" అంది. నాకూ గుండె పరీక్ష చేయించి, డాక్టరు సరే అన్నాకనే ఆవిడ శాంతించింది.

ఏప్రిల్‌లో పది మైళ్ళతో మొదలుపెట్టాం. మన లెక్కలో 16 కిలోమీటర్లు. వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ జూన్ చివరికి 50 మైళ్ళు చేశాం. ఒక్క రోజు ఎక్కువ తొక్కడం గొప్ప కాదని, వరుసగా రెండు రోజులు తొక్కి చూడాలని ఆ 71 ఏళ్ళ రైతు చెప్పాడు. ఆయన మాట అక్షరాలా నిజం. మొదటి రోజు కాళ్ళు నొప్పి పెడతాయి. రెండో రోజు ఉదయం ఆ సీటు మీద మళ్ళీ కూర్చున్నప్పుడు కదా అసలు సంగతి తెలిసేది! దానికి మెత్త కుట్టిన నిక్కర్లు అమ్ముతారు. ఈ వయసులో నిక్కరేమిటని ముందు సిగ్గుపడ్డాను. 30 మైళ్ళు దాటాక సిగ్గు పోయింది.

అక్కడి సైకిలు మన సైకిలు కాదు. చేతితో ఎత్తితే లేస్తుంది. గేర్లు ఇరవై దాకా ఉంటాయి. బలమంతా పెట్టి బరువుగా తొక్కడం మనకు అలవాటు. వాళ్ళు తేలిక గేరులో పెట్టి కాళ్ళు చకచక తిప్పమంటారు. మోకాళ్ళు నిలబడేది అలాగేనట. సీటు ఎత్తుకు ఒక గుర్తు ఉంది: పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. మన ఊళ్ళో అందరూ సీటు దించుకుని మోకాళ్ళు గడ్డానికి తగిలేలా తొక్కుతారు, గమనించండి.

ఇంకొక చిక్కు ఉంది. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడి పక్కన పోతాయి. దాటేవారు ఎడమ పక్కనుండి దాటాలి, దాటేముందు "నీ ఎడమకు వస్తున్నా" అని కేక వెయ్యాలి. వెనుక నుండి కారు వస్తే చివరివాడు "కారు వెనక" అంటాడు, ఆ మాట ఒకరి నుండి ఒకరికి ముందు వరకు పాకుతుంది. ఎదురుగా వస్తే "కారు ముందు". ఆగేవాడు ఆగుతున్నానని చెప్పి, పూర్తిగా రోడ్డు దిగి ఆగాలి. కూడలి దగ్గర రోడ్డుకు అడ్డంగా గాళ్ళు చెక్కి ఉంటాయి. అవి వస్తున్నాయంటే దానికీ ఒక కేక. ఈ కేకలన్నీ సంఘం వెనుక స్థలంలో నాలుగు శనివారాలు అభ్యాసం చేశాం. ఇంతమంది ఇరుకుగా పోయేచోట ఒకడు చెప్పకుండా బ్రేకు వేస్తే పదిమంది పడతారు. ఆ బాధ్యత పిల్లలకు కూడా బాగా పట్టింది.

పంచరు దగ్గర మాత్రం నాకు పని దొరికింది. వాళ్ళు ట్యూబు చిల్లిపడితే తీసి పారేసి కొత్తది వేస్తారు. కొత్త ట్యూబులు అయిపోతే ఏం చేస్తారని అడిగాను. జవాబు లేదు. సంఘం వంటగదిలో బేసిన్‌లో నీళ్ళు పోసి, గాలి బుడగ వచ్చేచోటు పట్టుకుని, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగి ప్యాచీ ఎలా వెయ్యాలో చూపించాను. ఆగడమే వాళ్ళకు కష్టమైంది! రాసిన వెంటనే అతికించబోయేవారు. ఆ 17 ఏళ్ళ అమ్మాయి మాత్రం రెండోసారికే నేర్చుకుంది.

ఇక మా అబ్బాయి సంగతి. బాగా తొక్కితే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి అది ప్రమాదం. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు. ఎండలో తొక్కేవాడికి చెమట ఎలాగూ పడుతుంది కదా, మరి ఎలా తెలుస్తుంది? అందుకే గంటకొకసారి ఆగి చూసుకోవాలి. తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర వెంటనే తీసుకుని, 15 నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడాలి. నా భార్య మినప సున్నుండలు చేసి, ఇవి జేబులో పెట్టుకోండి అంది. అవి దారిలో తినడానికి మంచివే గాని చక్కెర పడిపోయినప్పుడు పనికిరావని డాక్టరుగారు చెప్పారు. నెయ్యి ఉన్నది ఏదైనా నెమ్మదిగా అరుగుతుంది. అప్పుడు కావలసింది గ్లూకోజు బిళ్ళలు. ఇన్సులిన్‌ను ఎండలో ఉంచకూడదు గనుక చల్లని సంచీ ఒకటి కొన్నాం. ఎక్కువ తొక్కిన రోజున రాత్రి నిద్రలో కూడా చక్కెర పడవచ్చు. మందు మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరుగారు వ్రాసి ఇచ్చారు. రాత్రి రెండు గంటలకు లేపి చూసే పని నాది. ఏప్రిల్ నుండే అలారం పెట్టుకుని అలవాటు చేసుకున్నాను.

మే నెలలో ఒక సాయంత్రం మొలకలు జానెడు లేచిన చేల మధ్య ఇద్దరమే తొక్కుతున్నాం. వాడు నా వైపు చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. జబ్బు బయటపడిన రోజున ఆఫీసులో కళ్ళు తిరిగి పడిపోయాడట. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాడట. నాకు ఫోను చేద్దామని తీసి, నేను బడిలో ఉంటానని లెక్కవేసుకుని పెట్టేశాడట. నేను అప్పటికే రిటైరయ్యాను, ఆ మాట వాడికీ గుర్తుంది. ఎదురుగాలి గట్టిగా ఉంది. నేను ముందుకు వెళ్ళి గాలికి అడ్డం పడ్డాను. అలా తొక్కితే వెనుకవాడికి చాలా తేలిక. ఇంటికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. సగం గాలికి పోయినా మిగిలిన సగం విన్నాను.

మా జట్టు ఇలా సిద్ధపడుతుంటే సంఘంలో మిగిలినవారు వంటగదిలో సిద్ధపడుతున్నారు. ఆ యేడు యాత్ర ఏమ్స్‌లో ఒక రాత్రి ఆగుతుంది గనుక జనానికి భోజనం పెట్టాలి. దారి పొడుగునా ఊళ్ళలో సంఘాల స్త్రీలు 'పై' అనే పండ్ల రొట్టెలు కాల్చి, సేమ్యా వంటి స్పగెట్టీ వండి అమ్ముతారు. చాలా చిన్న సంఘాలకు అది మంచి రాబడి. మన పంట కూటములలో స్త్రీల సమాజం వారు పులిహోర వండటం గుర్తు చేసుకోండి, అదే సందడి. నా భార్య అక్కడ ఆపిల్ పండ్లు తొక్క తీస్తూ భాష రాకుండానే నలుగురిని స్నేహితులను చేసుకుంది.

యాత్ర ఆదివారం మొదలవుతుంది. ఆరాధన మాని సైకిలు ఎక్కడమేమిటని నేను అడిగాను. మీరూ అడుగుతారని తెలుసు. పాస్టరుగారు శనివారం సాయంత్రం గుడారాల దగ్గరనే ఆరాధన ఏర్పాటు చేశారు. మిజౌరీ నది ఒడ్డున సూ సిటీ అనే ఊళ్ళో గడ్డి మీద కూర్చున్నాం. పక్క జట్టువాళ్ళు కూడా వచ్చి కలిశారు.

జూలై 23 ఉదయం ఐదింటికే లేచాం. ఆ రోజు 70 మైళ్ళకు పైగా తొక్కాలి. వెనుక చక్రం మిజౌరీలో తడిపి బయలుదేరడం ఆచారం. ఏడో రోజున ముందు చక్రం మిసిసిపీలో ముంచాలి. సైకిలు వెనక్కు నడిపించి నీళ్ళలోకి దించాను. నా భార్య కారు దగ్గర నిలబడి రెండు సీసాలూ నిండుగా ఉన్నాయా అని మూడోసారి అడిగింది. మా అబ్బాయి వేలు గుచ్చుకుని, మీటరు తన దగ్గరే పెట్టుకోకుండా నా చేతికిచ్చాడు. 148 ఉంది.

"చాలా నాన్నా?"

"చాల్రా. ఎక్కు."