వెనక్కి తిరిగితే కానా పెళ్లి

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ముందు ఎప్పుడూ తిరనాళ్ల రద్దీయే. ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దానికి ఎదురుగోడ మీదే ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద చిత్రం ఉంది. చిత్రకారుడు వెరోనీస్ 1563లో పూర్తిచేసిన ‘కానా పెళ్లి’. వెడల్పే దాదాపు 10 మీటర్లు! కుడివైపు ఒక పనివాడు పెద్ద కూజా వంచి ద్రాక్షసారా పోస్తుంటాడు. ఆ పక్కనే ఓ పిల్లి ఇంకో కూజాని గోళ్లతో గీరుతుంటుంది. నిలబడి చూస్తే ఇలాంటివి ఎన్నెన్నో. కానీ చాలామంది దానికి వీపు పెట్టి, ఫోన్లు పైకెత్తి, వెళ్లిపోతారు.

‘లక్షలు పోసి వెళ్లి మోనాలిసాని చూడొద్దా?’ అనొచ్చు. తప్పకుండా చూడాలి, అది గొప్ప బొమ్మే. కాకపోతే ఆ పేరంతా రంగుల వల్లే రాలేదు. 1911లో ఆ బొమ్మని ఎవరో దొంగిలించాక, ఖాళీ గోడని చూడ్డానికి కూడా జనం వరస కట్టారు. పేరు మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత చూడాల్సింది మన కళ్లే. ‘టైము లేదు’ అంటారా? వెనక్కి తిరగడానికి ఒక్క నిమిషం చాలు.

ఒకదాని కోసం వెళ్లి, పక్కనున్న ఇంకోదాని దగ్గర ఆగిపోయారా ఎప్పుడైనా? ఎక్కడో చెప్పండి.