నిలకడ

"సావనీరుకి ఏదైనా రాసి పంపండన్నా" అని యూనియన్ తమ్ముళ్లు అడిగితే పాత విద్యార్థులు సాధారణంగా హాస్టల్ సాంబారు గురించో, ఎలక్షన్ల రోజుల గురించో రాస్తారు. నేను ఒక కుక్కను గురించి రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కుక్కను తీసుకెళ్లి బంగారు సింహాసనం మీద కూచోబెట్టినా దాని గుణం మారదని సుమతీ శతకకారుడు ఏనాడో తేల్చేశాడు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే గుణం మారకుండానే కుక్క బాగుపడగలదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు చెప్పిన కుక్క పేరు మెగ్.

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దునానుకుని ష్రాప్‌షైర్ అనే జిల్లా వుంది. ఎం.ఎస్సీ. ముగించి, ఉద్యోగానికి అప్లికేషన్లు పెట్టుకుంటూ 2023లో కొన్ని నెలలు అక్కడి పల్లెటూళ్లో ఒక పెద్దాయన ఇంట్లో అద్దెకున్నాను. ఆయనకు డెబ్భై దాటాయి. భార్య లేదు. ఆ ఏడు మొదట్లోనే పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి స్వాధీనం తప్పింది, మాట ముద్దగా వచ్చేది. ఇంట్లో ఆయనకు తోడు రెండేళ్ల నల్ల లాబ్రడార్ ఆడకుక్క మెగ్. అది కుక్క అనడం కన్నా తోక తగిలించిన తారాజువ్వ అనడం సబబు.

అది వేటకుక్కల జాతి. వేటకుక్క అనగానే మనకు కుందేలు వెంట పరుగులెత్తే కుక్క గుర్తొస్తుంది. తుపాకి వేటకు పనికొచ్చే కుక్క పని వేరు. యజమాని పక్కన కదలకుండా కూచోవాలి. పక్షి ఎక్కడ పడిందో కళ్లతో గుర్తుపెట్టుకోవాలి. పొమ్మన్నప్పుడే పోవాలి. పంటిగాటు పడకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వేటకు తలుపు మూశాయి కాబట్టి ఈ కుక్కల విద్య మనకు కొత్తగా వుంటుంది. అక్కడ మన నెమలికి దూరపు చుట్టమైన ఫెజెంట్ పక్షుల వేట అక్టోబర్ 1న మొదలై ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. వేట లేని వసంతకాలంలోనూ, వేసవిలోనూ ఈ కుక్కలకు వర్కింగ్ టెస్టులు పెడతారు. వాటిలో పక్షులుండవు. కాన్వాసు గుడ్డతో కుట్టిన అరకిలో లోపు బరువుండే డమ్మీని విసురుతారు, తుపాకి వుత్తుత్తినే పేలుస్తారు. ఒక్కో అంశానికి సాధారణంగా 20 మార్కులు.

మన పరీక్షల్లో లాగే అక్కడా కొన్ని తప్పులకు క్షమాపణ లేదు. పంపకముందే వురకడం ఒకటి. నోట్లో వున్నదాన్ని నలిపెయ్యడం ఒకటి. మూడోది వినడానికి చిన్నదే గాని అన్నిటికన్నా మొండిది: వంతు కోసం కూచున్నప్పుడు ఆగలేక కుయ్‌కుయ్‌మనడం. అది అలవాటుగా ముదిరిందంటే మానిపించడం మహా కష్టమని అక్కడివాళ్లంతా అంటారు.

మెగ్‌కి ఆ కుయ్‌కుయ్ మొదలైంది. డమ్మీ గాల్లోకి లేస్తే చాలు, వొళ్లంతా వణికి గొంతులోంచి సన్నగా రాగం వచ్చేది. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి కొడుకు వచ్చాడు. "ఒంటి చేత్తో ఈ దెయ్యాన్నెలా పట్టుకుంటావు నాన్నా? ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. కుక్క లాగితే తండ్రి పడతాడని భయం. పెద్దాయన చాలాసేపు మాట కూడదీసుకుని, "జూన్‌లో టెస్టు వుంది. అక్కడ గొలుసు వుండదు, మెడపట్టీ కూడా వుండదు. నోరెత్తకుండా కూచుంటే నా దగ్గరే వుంటుంది. లేదంటే నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

ఆ విధంగా నేను ఆయన ఎడమచేతి వుద్యోగంలో చేరాను.

మొదటి పాఠం గేటు దగ్గర. మెగ్ కూచుంటేనే గేటు తెరుచుకుంటుంది. లేస్తే మూసుకుంటుంది. తొలిరోజు గేటు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కొట్టడం లేదు, అరవడం అసలే లేదు. అలాంటి కుక్కకు తిట్టు కూడా ఒక తమాషాయే, ఇంకాస్త రేగుతుంది. రెండో పాఠం పొలంలో. నేను పది డమ్మీలు విసిరితే ఎనిమిదింటిని నేనే నడిచి వెళ్లి ఏరుకురావాలి. మెగ్ చూస్తూ కూచోవాలి. మిగిలిన రెండే దాని వంతు. పడిందల్లా తనది కాదని కుక్కకు తెలియాలట! అది కాస్త కుయ్‌మందంటే డమ్మీ తీసి సంచిలో వేసుకుని ముగ్గురం ఇంటిదారి పట్టేవాళ్లం. రోజూ పది నిమిషాలకు మించి పాఠం వుండేది కాదు. తర్వాత ఎత్తు గడ్డిలో బంతి దాచి ముక్కుతో వెతుక్కోనిచ్చేవాళ్లం. కాళ్లతో పరిగెత్తితే కుక్క రేగుతుంది, ముక్కుతో పని చేస్తే నెమ్మదిస్తుంది.

పెద్దాయనకు మాట తడబడినా ఈల తడబడదు. ఒక పొడుగాటి వూత వూదితే వున్నచోటే ఆగి తనవైపు చూడాలి. చిన్నచిన్న వూతలు వరసగా వూదితే తిరిగి రావాలి. మనుషులతో మాట్లాడ్డానికి సిగ్గుపడే ఆయన మెగ్‌తో మాత్రం ఆ ఈలతో దొరలా మాట్లాడేవాడు.

ఒకరోజు విసుగొచ్చి, దీనికింత ఆత్రమెందుకని అడిగాను. "మేం పెట్టిందే" అన్నాడాయన. లాబ్రడార్ల పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ బెస్తవాళ్ల కుక్కలు. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ ఆ జాతిని 1903లో గుర్తించింది. అంతకుముందూ ఆ తర్వాతా కూడా, తెచ్చివ్వాలనే తహతహ ఎక్కువున్నవాటినే ఏరి ఏరి పెంచారు. తరతరాలుగా మనం పోసిన నిప్పు కోసం ఇవాళ దాన్ని బాదితే ఏం న్యాయం? ఆ తహతహ లేని కుక్కను ఎవరూ తీసుకోరు కూడా. కుక్కల మీద పరిశోధనలకు పేరుపడ్డ పావ్‌లోవ్, ఆపుకోవడం అంటే మెదడు వూరికే వుండడం కాదు, అదీ మెదడు చేసే పనే అని చెప్పాడు. పుస్తకంలో చదివినప్పుడు అది నాకు రెండు మార్కుల ప్రశ్న. కూచున్నచోటే వణుకుతూ, కళ్లు డమ్మీ మీద పెట్టి, నోరు బిగించుకున్న మెగ్‌ని చూశాక అదెంత చాకిరీయో అర్థమైంది.

నా సంగతీ అంతే. ఇంటి దగ్గర నాన్న సంతకంతో తెచ్చిన బ్యాంకు అప్పు. రోజుకు యాభైసార్లు ఫోను తీసి ఉత్తరం వచ్చిందా అని చూసుకోవడం. ఒక సాయంత్రం పెద్దాయన మెగ్‌నీ నన్నూ మార్చి మార్చి చూసి, "నీ జేబు కూడా కుయ్‌మంటోంది, వంటింట్లో పెట్టి రా" అన్నాడు. పెట్టి వచ్చాను. ఆ పది నిమిషాల్లో ఏ ఉద్యోగమూ పారిపోలేదు.

మే నెలలో పక్కవూరి కుక్కలు రెండు వచ్చి చేరాయి. అన్నిటికన్నా కష్టమైన పాఠం అప్పుడే: డమ్మీ తన కళ్లముందే పడుతుంది, తెచ్చే వంతు మాత్రం ఇంకొకరిది.

జూన్‌లో ఆదివారంనాడు టెస్టు. కొడుకూ వచ్చాడు. వరసలో నాలుగు కుక్కలు, మెగ్ చివర. తుపాకి పేలింది, డమ్మీ పడింది. జడ్జి మొదటి నంబరు పిలిచాడు. మళ్లీ పేలింది, రెండో నంబరు. మెగ్ ముంగాళ్లు వణుకుతున్నాయి. నేను కంచె అవతల వూపిరి బిగబట్టాను. మూడోది కూడా ఇంకొకరికే పోయింది. చప్పుడు లేదు. నాలుగోసారి ఆయన నంబరు పిలిచారు. ఆయన కుడిచెయ్యి ముందుకు కదిలింది, అంతే. మెగ్ వెళ్లిన తీరు బాణంలా వుంది. తెచ్చి ఆ ఒక్క చేతిలోనే పెట్టింది.

బహుమతి రాలేదు. ఇంకో అంశంలో ఈల ఆలస్యంగా విన్నందుకు మార్కులు పోయాయి. సాయంత్రం కొడుకు ఏమీ అనలేదు. కుక్క పళ్లెం కడిగి, వంటింట్లో ఎప్పుడూ వుండే చోటే పెట్టి, పట్నం వెళ్లిపోయాడు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు మన పెద్దలు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఆత్రాన్ని చంపుకోమని ఎవరైనా సలహా చెబితే వినకండి. అది చచ్చిన కుక్కను ఏ జడ్జీ పిలవడు. దాన్ని బతికించుకుని, నోరు కట్టుకుని, మన నంబరు దాకా కూచోవడమే విద్య. ఇంకొకరి నంబరు పిలిచినప్పుడు కూచోవడం మరీ పెద్ద విద్య. మెగ్ ఇప్పటికీ పెద్దాయన ఇంట్లోనే వుంది. డమ్మీ చూస్తే ఇప్పటికీ వణుకుతుందట.