డీజిల్ ఇంజన్లకు చివరి మజిలీ

మా తిరుమణి వాళ్లం రైలెక్కాలంటే హిందూపురానికో పెనుకొండకో పోవాలి. ప్యాసింజరును లాగిన ఆ డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనంటే నాకు ప్రాణం. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా. 1962లో మన దేశానికొచ్చింది. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి. 1969లో ఆల్కో మూతపడ్డా, వారణాసి కర్మాగారం ఆ ఇంజన్లను చేస్తూనే వచ్చింది.

ఈ ఇంజన్లలో డీజిల్ నేరుగా చక్రాలను తిప్పదు. లోపల జనరేటర్ కరెంటు పుట్టిస్తే, ఇరుసుల దగ్గరి మోటార్లు తిప్పుతాయి. అందుకే వారణాసిలో రెండు పాత డీజిల్ ఇంజన్లను కలిపి 10,000 అశ్వశక్తి కరెంటు ఇంజనుగా మార్చగలిగారు. 2019లో అది పట్టాలెక్కింది. కరెంటు బండ్లు రావడంతో మిగతా పాత డీజిల్ ఇంజన్లలో చాలా తుక్కుకే పోతున్నాయి.

2050 మెగావాట్ల సోలార్ పార్కున్న ఊరివాణ్ణి, కరెంటు బండిని కాదనను. గుత్తి రైలింజన్ల షెడ్డులో మాత్రం ఒక్క పాత ఇంజనునైనా, నడిచే స్థితిలో, పిల్లల కోసం ఉంచాలి.