తల వంచి చూసే కెమెరా

మా అయ్యకు ఫొటో లేదు. 1978లో పోయాడు. పెద్ద దినం నాడు పటం పెట్టటానికి ఏమీ లేక ఆయన కప్పుకునే కంబళి మడిచి పీట మీద పెట్టి, దానికే దణ్ణం పెట్టుకున్నాం.

ఆ కసితోనే టౌన్లో ఒక స్టూడియోలో డార్క్‌రూం కుర్రాడిగా చేరాను. మా గూడెపోళ్లు ఫొటోకొస్తే ఓనరు ముందు పౌడరు డబ్బా చేతికిచ్చేవాడు. అది చాలక నెగెటివ్‌లో మొహం ఉన్నచోట పెన్సిలు రుద్దమనేవాడు. నెగెటివ్‌లో నల్లబడింది ప్రింటులో తెల్లబడుద్ది. ఎంతమంది మావాళ్ల మొహాలు నా చేత్తో నేనే తెల్లజేశానో! అదీ వెట్టే.

1986లో ఆయన దగ్గరే పాత యాషికా మాట్ 124జీ కొన్నాను, జీతంలో నెలనెలా కోయించుకుని. రెండు కళ్ల కెమెరా. పై కన్ను మనం చూడ్డానికి, కింది కన్ను ఫిల్ముకి. రీలుకి 12 ఫొటోలే. కంటికి ఆనించేది కాదు, ఛాతీ దగ్గర పట్టుకుని తల వంచి గాజుపలకలో చూడాలి.

"ఏందిరా, నా ముందు తల వంచుతున్నావు?" అని నవ్వింది మా అమ్మ. కామందుల అరుగుల ముందు తల వంచే బతికిన మనిషి. నాకు నవ్వు రాలేదు.

సున్నం కొట్టిన గోడ ముందు కూర్చోబెట్టి మీటరు సూది చెప్పినట్టే తీశాను. కడిగి చూస్తే మొహం బొగ్గుముద్ద. ఎదురున్నదంతా నడిమి బూడిదరంగే అనుకుంటుంది ఆ సూది. తెల్లగోడను చూసి వెలుగెక్కువైందని మోసపోయింది. తర్వాతి ఆదివారం సూదిని నమ్మకుండా అపర్చర్ ఒకటిన్నర స్టాపు ఎక్కువ తెరిచాను. అమ్మ నలుపు నలుపుగానే, ముడతలతో, పచ్చబొట్టుతో వచ్చింది. పెన్సిలు ముట్టలేదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ తర్వాత మా గూడెంలో అంబేడ్కర్ విగ్రహం లేచింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగని ఇల్లు లేదు. నెగెటివ్‌లన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చాలామంది మనుషులే లేరు.

ఆ మీటరుకేసే పాదరసం బిళ్ల ఇప్పుడు రావటం లేదు. రాకపోతే పోయె. మిగతాదంతా స్ప్రింగుల పని, పళ్లచక్రాల పని, బ్యాటరీ లేకుండానే నడుస్తుంది. చలికాలం సెకను స్పీడు కాస్త నసుగుతుంది. నా మోకాళ్లూ అంతే.

మొన్న మనవడు సెల్లులో నన్ను తీశాడు. మొహం తెల్లగా, నున్నగా ఉంది.

"ఏం చేశావురా?"

"నేనేం చెయ్యలా తాతా. అదే చేసుద్ది."

వాణ్ణి గోడ దగ్గర కూర్చోమన్నాను. రీల్లో ఇంకా నాలుగున్నాయి.