కొండెక్కిన చుట్టరికం

దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం. మరి చుట్టరికం కొండెక్కితే? అదీ అంతేనంటారు అనుభవజ్ఞులు. పల్లంలో ఉన్న చుట్టాల ఇంటికి పిలవకపోయినా వెళతాం. ఘాట్ రోడ్డు అవతలివాళ్ళను చూడాలంటే మాత్రం శుభలేఖో, చెడ్డ కబురో రావాలి. ఇప్పుడు ఫోనొచ్చి ఆ కాస్త ప్రయాణాన్నీ మాన్పించింది.

మా మేనత్తది జయపురం. ఒడిశాలో, కొరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా మన విశాఖపట్నం జిల్లాలోదే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు తెలుగులోనూ, ఒడియాలోనూ రచనలు చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అందుకే మా తాతగారు పిల్లను పరాయి రాష్ట్రానికి ఇస్తున్నానని అనుకోలేదు. కాస్త ఎత్తులో ఉన్న ఊరికి ఇస్తున్నానని అనుకున్నారు, అంతే.

విశాఖ నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు. అందాకా మనం చెప్పినట్టు రోడ్డు వింటుంది. సాలూరు దాటాక రోడ్డు చెప్పినట్టు మనం వినాలి. బరువు లారీ బుసలు కొడుతూ ఎక్కుతుంటే మన కారు దాని వెనకాలే బుద్ధిగా నడవాలి. వెనక సీట్లోవాళ్ళు నిమ్మకాయ వాసన చూస్తూ ఇష్టదైవాన్ని తలుచుకుంటారు. సుంకి చేరేసరికి చెవులు దిబ్బెళ్ళు పడతాయి. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు మనవాటిలాగే గుండ్రంగా కనిపిస్తాయి, చదవబోతే మాత్రం నోరు తిరగదు. పొట్టంగి, సెమిలిగుడ, సునాబేడ, కొరాపుట్. ఆ కొండల్లోనే 1,672 మీటర్ల దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. కొరాపుట్ నుంచి దిగితే జయపురం.

"ఏటిరా, ఇప్పుడు తెల్లారిందేటి నీకు?" అంది అత్త గుమ్మంలోనే.

భోజనంలోకి కాలాజీరా బియ్యం. జీలకర్రలా సన్నగా, నల్లగా ఉండే ధాన్యం అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అత్త గుర్తించి మాత్రం అరవై ఏళ్ళయింది.

భోజనాలయ్యాక ఇనప కమ్మికి గుచ్చిన ఉత్తరాలు తెచ్చింది. అన్నీ మా నాన్నగారు రాసిన కార్డులే. ఆవిడకి చూపు ఆనడం లేదు. బావ చదువంతా ఒడియాలోనే సాగింది. మనవడు తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. కార్డు తిరగేసి పట్టుకుని, "మామయ్యా, ఇందులో ఏముంది?" అన్నాడు.

చదివాను. "వానలకి ఘాటీలో బండలు పడ్డాయట. పండక్కి నువ్వు బయల్దేరకు. నేనే వస్తాను."

"వచ్చేడ్రా," అంది అత్త. "మూడు బస్సులు మారి, తడిసి ముద్దయి వచ్చేడు. సంచీలో అరిసెలు మాత్రం తడవనియ్యలేదు."

మనవడు నోరు తెరుచుకుని విన్నాడు. తాతయ్య మాట ఆ ఇంట్లో వినపడి ఎన్నాళ్ళయిందో! నాలుగు కార్డులు చదివాను. అయిదోది తియ్యబోతే అత్త కమ్మి లాగేసుకుంది.

"ఇయ్యాళ్టికి చాలు. మిగతావి మళ్ళీ వచ్చినప్పుడు చదువుదువు గాని."

లెక్కపెట్టాను. ఇంకా 24 ఉన్నాయి. నాలుగేసి చొప్పున ఆరు ప్రయాణాలు. అత్తకి 82 ఏళ్ళు.

ఏడాదికోసారి వెళితే సరిపోదు.