కాల్ ఎవరు కట్ చేశారు?

జలంత్రకోటలో మా ఖాలమ్మ రెండు నెలలుగా కువైట్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడటం లేదు. "నేను ఏడుస్తుంటే పెట్టేస్తాడు బేటా. మూడుసార్లు అట్లే చేశాడు. ఇంక వాడి మర్జీ" అంది. ఖాలూ జనాజాకు రాలేకపోయిన కొడుకు. మాట ఎప్పుడూ అక్కడికే వచ్చేది, అక్కడే తెగేది.

ఖాలమ్మకు చూపు తక్కువ. పెద్ద తెర అని వాడు వదిలివెళ్లిన పాత లాప్‌టాప్‌లోనే వీడియో కాల్. అందులో ఉన్నది లినక్స్. ఇంట్లో అందరూ లైన్ బాగోలేదంటారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను (మన జబాన్‌లో సీతాకోకచిలుక! నామ్ చూడండి, కామ్ చూడండి) ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చి కరెంటునూ ఫోన్లనూ తీసుకుపోయింది. అప్పట్నుంచి ఏది తెగినా ఇల్జామ్ లైను మీదే. కానీ అదే వైఫైలో నా ఫోన్ నిక్షేపంగా ఉంది. నా షక్ లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు మీదికి, దాన్ని నడిపే డ్రైవర్ మీదికి పోయింది.

బ్యాటరీ ఆదా కోసం ఆ కార్డు దొరికిన సందులో కునుకు తీస్తుంది. రూటరేమో సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నా" అని పిలుస్తుంటుంది. కార్డు ఆ పిలుపు వేళకు లేవాలి. మళ్లీ మళ్లీ లేవకపోతే లైన్ తెగుతుంది.

విలేఖరిని కదా, ఒక్క మాట మీద ఖబర్ నమ్మను. ముందు ఏమీ మార్చకుండా గంటసేపు సెకనుకో పింగ్ పంపాను. ఏడుసార్లు తెగింది. కునుకు ఒక్కటే ఆపి ఇంకో గంట. ఒక్కసారీ తెగలేదు. దొంగ దొరికాడు. కానీ అలాగే వదిలేస్తే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఇక్కడ కరెంటు సంగతి తెలిసిందే. ఒక డెవలపర్ రాసిన చిన్న సవరణ దొరికింది. కార్డు లేవడానికి ఇంకాస్త మొహ్లత్ ఇస్తుందది. కునుకు మళ్లీ ఆన్ చేసి, సవరణ ఎక్కించి, ఇషా నుంచి ఫజర్ దాకా వదిలేశాను. రాత్రంతా తెగలేదు. ఖాలమ్మ దువాలు ఇచ్చేసింది.

మధ్యాహ్నం ఎవరో మూత వేసి తీశారు. పది నిమిషాల్లో తెగింది! మూడుసార్లు మూసి చూశాను, మూడుసార్లూ అంతే.

లినక్స్‌లో సవరణను పరీక్షించినవాళ్ల పేరు 'టెస్టెడ్-బై' అని దాని పక్కనే రాస్తారు. గవాహీ లాంటిది. పేరు పడుతుందన్న ఆశ నాకూ ఉంది, అబద్ధమెందుకు. కానీ సగం గవాహీకి దిల్ ఒప్పలేదు. "రాత్రంతా నిలిచింది, మూత వేసి తీస్తే తెగుతోంది" అని రెండూ రాసి లాగ్ పంపాను.

సాయంత్రం నేనే కాల్ కలిపాను. "ఆ రోజు ఎందుకు పెట్టేసినావురా?" అంది ఖాలమ్మ.

"నేనా? నువ్వే గుస్సాతో పెట్టేశావనుకున్నా అమ్మీ."

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. లైన్ అలాగే ఉంది. నేను బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఆ లాప్‌టాప్ మూత ఎవరూ వెయ్యకుండా కీబోర్డు మీద ఖాలమ్మ తస్బీ ఉంటోంది.