పెద్దలతో పట్నంలో ఒక ఆదివారం

ఆదివారం వస్తే హైదరాబాదులో ఎక్కడికి వెళ్దామా అని వయసులో ఉన్నవారు ఆలోచిస్తారు. అరవై అయిదు దాటినవారి ఆలోచన వేరుగా ఉంటుంది. అక్కడ మెట్లెన్ని, కూర్చోవడానికి చోటున్నదా, ఎండ ఎంత అనేవి వారు పైకి అడిగే ప్రశ్నలు. పైకి అడగని ప్రశ్న మరొకటి ఉంటుంది. దానికి జవాబు దొరకకనే చాలామంది ఇల్లు కదలరు.

పిల్లల వెంట నగరానికి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులను వృత్తిరీత్యా ఎందరినో చూశాను. గుంటూరు నుంచో, ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో వచ్చి ఏళ్ళు గడిచినా వారికి తెలిసిన హైదరాబాదు ఇల్లు, గుడి, ఆసుపత్రి అంతే. మా అక్క కూడా ఆ కోవలోనిదే. ఆమెకు డెబ్భై నాలుగేళ్ళు. బావగారు పోయిన తరువాత తెనాలి దగ్గరి పల్లె విడిచి కూకట్‌పల్లిలో కొడుకు దగ్గరకు వచ్చింది. వచ్చి ఆరేళ్ళయినా చార్మినారును టీవీలో తప్ప చూడలేదు. కొడుకూ కోడలూ పిలవక కాదు. మోకాళ్ళనీ, ఎండ అనీ, ఇంటికి ఎవరో ఒకరు ఉండాలి కదా అనీ తప్పించుకొనేది. కిందటి కార్తీకంలో అపార్టుమెంటు వారంతా వనభోజనాలకు బస్సు మాట్లాడుకొంటే దానికీ వెళ్ళలేదు. పల్లెలో ఉన్నప్పుడు ఉసిరిచెట్టు కింద గాడిపొయ్యి పక్కన నిలబడి నలభై మందికి వండించిన మనిషి!

ఆ సంగతి తెలిసి నేను వెళ్ళి అడిగాను. కోడలు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "మోకాళ్ళు కాదురా. బస్సులో రెండు గంటలు ఆపుకోలేను. అంతమందిలో బండి ఆపమని ఎట్లా అడగను?" అన్నది. ఈ మాట ఆమె అంతవరకు ఎవరితోనూ అనలేదు, చివరకు రక్తపోటుకు చూస్తున్న వైద్యునితో కూడా.

వైద్యశాస్త్రంలో దీనికి ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అని పేరు. మూత్రాశయం నిండకముందే దాని గోడలోని కండరం సంకోచించి, ఇక ఆగలేమన్న తొందరను కలిగిస్తుంది. వయసుతో పాటు ఎక్కువగా కనిపిస్తుంది గాని, వయసు వచ్చింది కనుక భరించవలసిందే అనుకోవడం సరికాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, అదుపులో లేని చక్కెర, మలబద్ధకం, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల, కొన్ని మందులు కూడా ఈ ఇబ్బందిని తెచ్చిపెట్టగలవు, ఉన్నదాన్ని పెంచగలవు. అందుచేత ముందు పరీక్షలు అవసరం. మూత్రంలో రక్తం కనిపించినా, మంట ఉన్నా, జ్వరం వచ్చినా, మూత్రం బొత్తిగా రాకపోయినా వాయిదా వేయకూడదు.

అక్క తనకు తానే చేసుకొన్న వైద్యం మరొకటి ఉన్నది. బయటకు వెళ్ళవలసి వస్తే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేయడం. ఇది మన ఇళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, స్త్రీలు దీనిని ప్రయాణ మర్యాదగా భావిస్తారు. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రం మూత్రాశయపు లోపలి పొరను రేపి తొందరను ఇంకా పెంచవచ్చు. ఇన్‌ఫెక్షనుకూ, మలబద్ధకానికీ దారి తీస్తుంది. పెద్దవయసులో దాహం తెలియడం తగ్గుతుంది కనుక శరీరంలో నీరు తగ్గినట్లు గుర్తించరు. రక్తపోటు మాత్రలు వేసుకొంటూ నీళ్ళు మానేసినవారు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతారు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చిన వృద్ధులలో కొందరి కథ ఇలాగే మొదలవుతుంది.

అక్కను ఒక స్త్రీవైద్యురాలికి చూపించాము. ఇన్‌ఫెక్షను లేదు, చక్కెర లేదు. మలబద్ధకానికి చికిత్స జరిగింది. మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాలకు వ్యాయామం నేర్పారు. వాటిని కొన్ని క్షణాలు బిగించి, అంతసేపూ వదలాలి. రోజుకు మూడు దఫాలు, కనీసం మూడు నెలలు చేయాలి. గడియారం చూసుకొని ముందుగానే వెళ్ళడం, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పొడిగించడం రెండవ భాగం. కాఫీ ఒక పూటకు తగ్గింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఆమెకు కాళ్ళ వాపుకు ఫ్యూరోసెమైడ్ మాత్ర ఉన్నది. దానిని వేసుకొన్న గంటలోపే పని మొదలై, సుమారు ఆరు గంటల పాటు మూత్రం ఎక్కువగా పోతుంది. ఉదయం ఏడింటికి ఆ మాత్ర వేసుకొని తొమ్మిదింటికి బయలుదేరే మనిషికి ఏ మ్యూజియం చూసే మనసుంటుంది? ఆమె వైద్యునితో మాట్లాడి, బయటకు వెళ్ళే రోజున మాత్రం సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాక వేసుకొనేలా అనుమతి తీసుకొన్నాము. పడుకొనే వేళకు దాని ప్రభావం తగ్గుతుంది. గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఈ మార్పు తగకపోవచ్చు. వైద్యుణ్ణి అడగకుండా ఎవరూ సొంతంగా చేసుకోకూడదు.

మాఘమాసంలో ఒక ఆదివారం బయలుదేరాము. నేను, అక్క, మా ఆవిడ. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్ళవచ్చు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. తొందర అనిపిస్తే ఏ స్టేషనులోనైనా దిగి తరువాతి రైలు ఎక్కవచ్చు. బస్సులో లేని ఈ స్వేచ్ఛ ఆమెకు పెద్ద ధైర్యం. అయినా అమీర్‌పేట దాటేదాకా మంచినీళ్ళ సీసా మూత తీయలేదు. ఖైరతాబాదు దగ్గర రెండు గుక్కలు తాగింది. ఆ తరువాత కిటికీలో నుంచి ఊరు చూడడం మొదలుపెట్టింది.

స్టేషను నుంచి ఆటోలో అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ ఎక్కాము. వంతెన మీద ఆటోను నిదానంగా పోనిమ్మని, కుడివైపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలను చూపించాను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు, ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ ఉన్నదని చెబితే అక్క నమ్మలేదు. "ఈ నీళ్ళా?" అన్నది కిందికి చూసి.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటుంది గాని రద్దీ ఎక్కువ. కనుక తెరిచే వేళకే చేరడం మంచిది. 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఈ మ్యూజియం 1968లో ఇప్పటి భవనానికి మారింది. అన్నీ చూడాలనుకొంటే కుర్రవాళ్ళకే కాళ్ళు లాగుతాయి. మేము మూడే చూడాలనుకొన్నాము. లోపలికి వెళ్ళగానే మొదట అడిగి తెలుసుకొన్నది మాత్రం శౌచాలయం ఎటువైపని. సిగ్గుపడకుండా నేనే అడిగాను. ఈ పని వెంట వెళ్ళే చిన్నవాళ్ళు చేయాలి, పెద్దల చేత అడిగించకూడదు.

మేలిముసుగు రెబెక్కా ముందు అక్క చాలాసేపు నిలబడింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. రాతి ముసుగు వెనుక నుంచి ముఖం కనిపిస్తుంది. "పెళ్ళిపీటల మీద కూర్చోబోయే పిల్లలా ఉన్నది. నవ్వుతున్నదో, ఏడుపు ఆపుకొంటున్నదో తెలియనీయడం లేదు" అన్నది అక్క. ఏడేళ్ళు ఆ దారిన వైద్యవిద్యార్థిగా తిరిగిన నాకు ఆ ముఖం ఎప్పుడూ అలా కనిపించలేదు.

తరువాత సంగీత గడియారం. గంట కొట్టే వేళకు చిన్న గడ్డపు బొమ్మ బయటకు వచ్చి గంట మోగిస్తుంది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కనుక జనం అప్పుడే ఎక్కువగా చేరతారు. మేము పావుగంట ముందే కుర్చీలు పట్టుకొన్నాము. పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా అక్క నా చేయి తట్టింది. పూర్వమైతే అక్కడే బిగబట్టి కూర్చొని, లేదా అసలు రాకుండా ఉండి ఉండేది. మా ఆవిడ తోడు వెళ్ళింది. వారు వచ్చేసరికి జనం చెదిరిపోతున్నారు. బొమ్మ లోపలికి వెళ్ళి తలుపు మూసుకొన్నది.

అక్క ముఖం చిన్నబోయింది. "నా వల్ల మీకూ..." అని ఏదో అనబోతుంటే, గడియారం మళ్ళీ గంటకు కొడుతుంది కదా అన్నాను. పక్క గదులు తిరిగి, ఇంటి నుంచి తెచ్చుకొన్న ఇడ్లీలు బయట చెట్టు నీడలో తిని, ఒంటిగంటకు మళ్ళీ వచ్చి కూర్చొన్నాము. ఈసారి జనం సగమే. బొమ్మ వచ్చి ఒకే ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోయింది. "ఇంతేనా! దీనికేనా ఇంత హడావుడి?" అని అక్క పడి పడి నవ్వింది. ఆమె అలా నవ్వడం బావగారు పోయిన తరువాత నేను చూడలేదు.

చార్మినారు మెట్లు ఎక్కలేదు. 1591 నాటి కట్టడాన్ని కింద నుంచే చూసి, పక్కన ఇరానీ హోటల్లో టీ తాగాము. ఆమె వంతు అర కప్పే. ఉస్మానియా బిస్కెట్టు పుట్టింది ఆ పేరు గల ఆసుపత్రిలోని రోగుల కోసమని ఒక కథ చెబుతారు. మధుమేహం ఉన్నవారు మాత్రం ఆ కథను నమ్మి రెండోది తీసుకోవద్దు. నాలుగింటికి ఇల్లు చేరాము, మాత్ర వేసుకొన్నది.

మరుసటి వారం అపార్టుమెంటులో ఇద్దరు పెద్దమ్మలు, వారితో పాటు ఒక పెద్దాయన, కళ్ళు నేలకు దించుకొని అక్క చెప్పిందంటూ నా దగ్గరకు వచ్చారు. ఆయనకు ప్రోస్టేట్ పరీక్ష చేయించాము. అక్క ఇప్పుడు గోలకొండ చూడాలంటున్నది. అక్కడ శౌచాలయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, కూర్చునే అరుగులు ఎన్ని ఉన్నాయో నేను ముందుగా ఒకరోజు వెళ్ళి చూసి, కాగితం మీద రాసి తెచ్చి ఇవ్వాలట.